రాయి వయసు వేరు, కొండ వయసు వేరు

మొన్న రాత్రి పదింటికి ఒక ఎమ్మెస్సీ అమ్మాయి ఫోన్ చేసింది. ఏడుపు ఒక్కటే తక్కువ. "సార్, అనకాపల్లి దగ్గర తెచ్చిన ఒకే రాయికి జిర్కాన్ 95 కోట్ల ఏళ్లంటోంది, బయోటైట్ 50 కోట్లంటోంది. ల్యాబ్ వాళ్లు శాంపిల్ మార్చేశారా?" జిర్కాన్, బయోటైట్ రెండూ ఆ రాయిలోని ఖనిజాలే. ఎవరూ ఏమీ మార్చలేదమ్మా, రెండు వయసులూ నిజమే అన్నాను. ఏటా ఇదే టెన్షన్ ఎవరో ఒకరి గొంతులో వింటున్నాను, అందుకే ఇది.

అపోహ: రాయికి ఒకటే వయసు. కొండ లేచింది అప్పుడే.

వాస్తవం: బయోటైట్‌లో పొటాషియం నుంచి ఆర్గాన్ అనే వాయువు పుడుతూనే ఉంటుంది. రాయి బాగా వేడిగా ఉన్నంతకాలం అది నిలవదు, జారిపోతుంది. సుమారు 300 డిగ్రీలకు దిగాకే లోపల పోగుపడుతుంది, లెక్క అక్కడ మొదలు. హార్న్‌బ్లెండ్‌కి (ఇంకో ఖనిజం) ఆ గడప 500 పైన. అపటైట్ అనే ఖనిజంలో యురేనియం పగిలినప్పుడు పడే గీతలకు, అంటే ఫిషన్ ట్రాక్‌లకు, 110 దగ్గర. జిర్కాన్‌లో యురేనియం నుంచి పుట్టే సీసం మాత్రం 900 డిగ్రీల్లోనూ అంత తేలిగ్గా కదలదు. తూర్పు కనుమల రాళ్లు అంత వేడినీ చూశాయి. కాబట్టి ఒక్కో ఖనిజం ఒక్కో వయసు చెప్పాల్సిందే. ఆ 50 కోట్లు నిదానంగా చల్లారినందుకు వచ్చిందా, గోండ్వానా అనే పాత మహాఖండం అతుక్కున్న రోజుల్లో మళ్లీ వేడెక్కినందుకా అన్నది విడిగా తేల్చాలి.

అసలు నష్టం ఇక్కడ కాదు. చల్లారడాన్నే పైకి లేవడం అనుకోవడంలో ఉంది. గిన్నెను పొయ్యి మీంచి దించినా చల్లారుతుంది, దించకుండా మంట ఆర్పినా చల్లారుతుంది. భూమి లోపలికి వెళ్లేకొద్దీ కిలోమీటరుకు 30 డిగ్రీలు పెరుగుతుందనుకుంటే 300 డిగ్రీలంటే 10 కిలోమీటర్ల లోతు. "అంటే కొండ 10 కిలోమీటర్లు లేచింది" అని రాసేస్తారు. పైనున్న రాళ్లు కోతకు కొట్టుకుపోయినా కిందివి నేల మీదికి వస్తాయి. కొండ ఎత్తు అంగుళం పెరగనక్కర్లేదు.

నా పీహెచ్‌డీలో ఒక శాంపిల్ అపటైట్ వయసు పక్కవాటికన్నా బాగా తక్కువొచ్చింది. అక్కడ కొండ ఆలస్యంగా లేచిందని ఎనిమిది నెలలు కథ అల్లాను. మళ్లీ వెళ్లి చూస్తే నాలుగడుగుల్లో డైక్ ఉంది, అంటే పగులులోకి కరిగిన రాయి చొరబడి గడ్డకట్టిన గోడ. దాని వేడికి ట్రాక్‌లు చెరిగిపోయి లెక్క కొత్తగా మొదలైంది, అంతే. ఆ ఎనిమిది నెలలు ఇంకెవరికీ పోకూడదు.

అందుకే వయసు ఒక్కటే చూడకండి, ట్రాక్ పొడవులు కొలవండి. పాలిష్ చేసిన అపటైట్‌ని నైట్రిక్ యాసిడ్‌లో 20 సెకన్లు ఉంచితే మైక్రోస్కోప్ కింద సన్నటి గీతలు తేలతాయి. కొత్త గీత 16 మైక్రాన్ల దాకా ఉంటుంది. 60 నుంచి 110 డిగ్రీల మధ్య చాలాకాలం నానిన రాయిలో అవి కురచబారతాయి. గీతలన్నీ పొడుగ్గా ఉంటే ఆ రాయి గబగబా చల్లారినట్టు.

మిగతావి చప్పున చెప్తాను. కార్బన్ డేటింగ్ 50 వేల ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది, కొండరాళ్లకు పనికిరాదు. గట్టి రాయి పాతది, మెత్తది కొత్తది అన్నది ఉత్త మాట. తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాయి పుచ్చితే చేత్తో నలిపినా పొడి అయిపోతుంది, అదీ వంద కోట్ల ఏళ్ల నాటి వేడి చూసిందే.

ఆ అమ్మాయి వచ్చే వారం ఈసారి అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌కి వెళ్తోంది. కింది నుంచి పైదాకా ఎత్తు మారినప్పుడల్లా ఒక శాంపిల్, డైక్‌లకు దూరంగా, పుచ్చని చార్నొకైట్ (అక్కడి గట్టి నల్లరాయి) అయితే మేలని చెప్పాను.