కువైట్ పొగ, బావి దగ్గరి ఇసుక: 1994లో పడిన ముడి

సేవలో తగిలిన గాయానికీ, వచ్చిన జబ్బుకూ అమెరికా ప్రభుత్వం మాజీ సైనికులకు ఇచ్చే వైకల్య పరిహారం దుర్వినియోగమవుతోందన్న వాదన వాషింగ్టన్‌లో మళ్లీ ఊపందుకుంది. ఇది అందరికంటే ముందు తగిలేది పల్లెల నుంచి సైన్యంలో చేరి, తిరిగొచ్చాక చమురు బావుల దగ్గర బతుకు వెళ్లదీసిన వాళ్లకు. ఇరవై ఏళ్లు చమురు తవ్వే రిగ్గు మీద పనిచేసిన మనిషికి ఆయాసం వస్తే సైన్యం ఎందుకు డబ్బు కట్టాలి అని అడిగితే ఎవరికైనా సబబుగానే వినిపిస్తుంది. టెక్సాస్, ఓక్లహోమా, నార్త్ డకోటా ఊళ్లలో ఆక్సిజన్ గొట్టంతో కూర్చున్న వాళ్లకు ఆ ప్రశ్న వెనుక ఉన్న చరిత్ర తెలుసు.

1991 గల్ఫ్ యుద్ధం ఎందుకు వచ్చిందో, ఎలా ముగిసిందో తెలిసిన సంగతే. ఈ తగవుకు కావలసింది దాని చివరి ఘట్టం. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ సేనలు అమెరికా కూటమి ధాటికి వెనుదిరుగుతూ అక్కడి 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టాయి. ఆఖరి మంట ఆరేసరికి నవంబరు వచ్చింది. పొగ కిందికి దిగిన రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా లారీలు హెడ్‌లైట్లు వేసుకుని నడిచాయి. సన్నని నూనె తుంపర యూనిఫారాల మీద నల్లని చుక్కలుగా పడేది. నేలపోరు ఫిబ్రవరి ఆఖరుకే ముగిసింది. గాలిని కొలిచే సైనిక ఆరోగ్య బృందం నమూనాలు తీయడం మొదలుపెట్టింది మాత్రం మే నెలలో. అప్పటికే ఎన్నో దళాలు ఇంటిదారి పట్టాయి. దీర్ఘకాలిక ముప్పు తక్కువేనని రక్షణ శాఖ తర్వాత చెప్పుకున్న మాటకు ఆ కొలతలే ఆధారం.

అయితే అసలు ముడి పడింది కువైట్‌లో కాదు, 1994లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంలో. గల్ఫ్ నుంచి వచ్చిన వాళ్లలో అంతుపట్టని అలసట, కీళ్ల నొప్పులు, ఆయాసం కనిపిస్తుండడంతో, సైనిక సేవతో సంబంధం నిరూపించకుండానే పరిహారం పొందే వీలును ఆ చట్టం కల్పించింది. మంచి చట్టమే అనిపిస్తుంది. కానీ మొదట అది వర్తించింది డాక్టరు పేరు పెట్టలేని జబ్బుకు మాత్రమే. ఆస్తమా అనో, ఊపిరితిత్తుల గాలిసంచులు దెబ్బతినే ఎంఫిసీమా అనో పరీక్షలో తేలిందా, ఆ వెసులుబాటు పోయినట్టే. అప్పటి నుంచి రుజువు చేసే భారమంతా రోగిదే. పైగా తొలి నిబంధనల ప్రకారం గల్ఫ్ వదిలిన రెండేళ్లలోపే లక్షణాలు బయటపడాలి. 1997లో ఆ గడువు పొడిగించారు. మరో మెలిక అలాగే ఉండిపోయింది: గల్ఫ్ విడిచిన తర్వాత, జబ్బు బయటపడే లోపు మరో కారణం చోటుచేసుకుందని రుజువైతే పరిహారం ఇవ్వనక్కరలేదు.

చమురు కార్మికుడి విషయంలో ఆ మరో కారణాన్ని వెతకనక్కరలేదు. ఉద్యోగ చరిత్ర మొదటి పేజీలోనే ఉంటుంది.

డిగ్రీ లేకపోయినా, భారీ యంత్రాలు నడపడం సైన్యంలో నేర్చుకున్న పల్లెటూరి యువకుడికి దగ్గరలో మంచి జీతమిచ్చే పని చమురు క్షేత్రంలోనే దొరికేది. పన్నెండు గంటల షిఫ్టు. రెండు వారాలు బావి దగ్గర, వారం ఇంట్లో. ధర పడిపోతే ఉద్యోగం ఊడుతుంది, లేస్తే వేరే కాంట్రాక్టరు దగ్గర చేరాలి. 2003 నుంచి కొన్నేళ్ల లెక్కలు తీస్తే ఈ పరిశ్రమలో మరణాల రేటు మిగతా కార్మికుల సగటుకు ఏడు రెట్లు. ఇవి ప్రమాదాల్లో పోయిన ప్రాణాలు. ఊపిరితిత్తుల్లో నెమ్మదిగా పేరుకునేది ఆ లెక్కలోకి రాదు.

నీటినీ ఇసుకనూ గట్టి ఒత్తిడితో పంపి రాతిని చీల్చి చమురు తీసే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ జోరందుకున్నాక బావికి టన్నుల కొద్దీ ఇసుక కావలసివచ్చింది. ఆ ఇసుకను యంత్రంలోకి ఎక్కించేటప్పుడు పైమూతల్లోంచి తెల్లని ధూళి మేఘంలా లేస్తుంది. దాని మధ్యే ఇసుక యంత్రం నడిపేవాడు నిలబడాలి. అది స్ఫటిక సిలికా, పీలిస్తే ఊపిరితిత్తులను గట్టిపరిచే సిలికోసిస్ జబ్బుకు దారితీస్తుంది. వృత్తి ఆరోగ్యంపై పరిశోధించే ప్రభుత్వ సంస్థ నయాష్ (NIOSH) అయిదు రాష్ట్రాల్లో 11 చోట్ల 111 నమూనాలు తీసింది. వాటిలో సగానికి పైగా అప్పటి చట్టబద్ధ పరిమితిని దాటాయి. 2012లో హెచ్చరిక వచ్చింది, 2016లో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాముల కొత్త పరిమితి వచ్చింది. ధూళిని పుట్టిన చోటే అణచే ఏర్పాట్లకు ఫ్రాక్చరింగ్ కంపెనీలకు 2021 జూన్ వరకు గడువిచ్చారు.

కంపెనీల వాదన కూడా చెప్పుకోవాలి. మాస్కులిచ్చాం, కార్మికుడు పది చోట్ల పనిచేశాడు, పొగ తాగే అలవాటుంది, యుద్ధానికీ వెళ్లొచ్చాడు అని వాళ్లు చెప్పగలరు. ఒక్కొక్కటిగా చూస్తే కాదనలేం. కానీ దావా వేసిన వాడి దగ్గర ఉండేదేమిటి? మూతపడిన కాంట్రాక్టు సంస్థల పాత జీతం చీటీలు. టెక్సాస్‌లోనైతే ప్రైవేటు యాజమాన్యం కార్మిక పరిహార బీమా తీసుకోవడం తప్పనిసరే కాదు. సైన్యం వైపు వెళితే బావిని చూపిస్తారు, బావి వైపు వెళితే యుద్ధాన్ని చూపిస్తారు.

2022 ఆగస్టు 10న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన, విషపు పొగలు, ధూళి బారిన పడిన మాజీ సైనికుల కోసం తెచ్చిన పాక్ట్ చట్టం ఈ ముడిని చాలావరకు విప్పింది. అప్పటిదాకా సైనిక స్థావరాల్లో చెత్త తగలబెట్టే గుంతల పొగపై వచ్చిన దరఖాస్తుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా తిరస్కరించారు. సెనేట్‌లో ఓటు ఒకసారి వీగిపోతే మాజీ సైనికులు కాంగ్రెస్ భవనమైన కాపిటల్ మెట్ల మీదే రాత్రుళ్లు గడిపారు. 1990 ఆగస్టు 2 నుంచి గల్ఫ్ ప్రాంతంలో పనిచేసిన వాళ్లకు సేవ తర్వాత తేలిన ఆస్తమా, శ్వాసనాళాలు దీర్ఘకాలం మూసుకుపోయే సీఓపీడీ, ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటివి సైనిక సేవ వల్లే వచ్చినట్టు ఇప్పుడు భావిస్తారు. 28 ఏళ్ల తర్వాత ఇలాంటి పేరున్న ఊపిరితిత్తుల జబ్బులకు చట్టంలో చోటు దొరికింది. ఈలోగా ఎందరో పోయారు.

కానీ భావన రుజువు కాదు. బలమైన విరుద్ధ సాక్ష్యం ఉంటే దాన్ని తోసిపుచ్చే వీలు చట్టంలో ఇంకా ఉంది. దుర్వినియోగం పేరుతో పరిశీలన బిగిస్తే అధికారి చేతికి మొదట అందేది రిగ్గు మీద గడిపిన ఏళ్ల జాబితానే. ఆ ఏళ్లలో అతను పీల్చిందెంతో చెప్పాలంటే కొలతలు కావాలి. బావుల దగ్గరికి వెళ్లి కొలిచిన నయాష్‌లో 2025 ఏప్రిల్‌లో అత్యధిక సిబ్బందికి తొలగింపు నోటీసులు వెళ్లాయి. తర్వాత దశలవారీగా సిబ్బందిని వెనక్కి పిలిచారు.