సూదిది కాదు తప్పు, సిరంజి మూతిలో మిగిలే చుక్కది

డ్రగ్స్ ఎక్కించుకునేవాళ్ళకి ఉచితంగా కొత్త సిరంజిలు పంచడం ఏమిటండీ, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా అని ఒక పాఠకుడు కాస్త కోపంగానే అడిగారు. జవాబు చెప్తాను గానీ, ముందు ప్రింటర్ ఇంకు సంగతి చెప్పాలి.

ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో ఇంకు నేనే సిరంజితో నింపుకుంటాను. ఒకసారి నల్ల ఇంకు నింపిన సిరంజితోనే, రెండుసార్లు నీళ్ళు పీల్చి చిమ్మేశాక, పసుపు ఇంకు తీశాను. పసుపు కాస్తా పాచిరంగుకి తిరిగింది. కడిగానే అనుకుంటూ సిరంజిని వెలుతురుకి ఎత్తి చూస్తే, పిస్టన్ అడుగుదాకా దిగిపోయి ఉన్నా సరే, సూది తగిలించే మూతి దగ్గర సన్నగా నల్లటి మరక. పిస్టన్‌కి అందని ఈ జాగానే డెడ్ స్పేస్ అంటారు. సూది ఊడొచ్చే మామూలు సిరంజిలో, సూది మొదలుతో కలిపి, ఇది సుమారు 84 మైక్రోలీటర్లు (మిల్లీలీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోలీటరు). సూది గొట్టానికే అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో 2.

ఇక్కడ లెక్క వెయ్యకుండా ఉండలేను. డ్రగ్స్ ఎక్కించుకునేవాళ్ళు సూది నరంలో దిగిందో లేదో చూసుకోవడానికి కాస్త రక్తం వెనక్కి లాగుతారు (నరం అని మనం వాడుకలో అంటాం గానీ అది సిర). ఆ జాగా అంతా రక్తమే నిండిందనుకుందాం, అదే సిరంజిని ఇంకొకరు కడిగి వాడబోతున్నారనుకుందాం. 1 మిల్లీలీటరు నీళ్ళతో ఒకసారి కడిగితే సూది ఊడొచ్చే పెద్ద సిరంజిలో రక్తం దాదాపు 13 రెట్లు పలచబడుతుంది, రెండోసారికి 166 రెట్లు. అంటే ఇంకా అర మైక్రోలీటరు రక్తం ఉన్నట్టే. ఇన్సులిన్ సిరంజిలో మొదటి కడుగుకే 500 రెట్లు, రెండో దానికి రెండున్నర లక్షల రెట్లు! హెచ్ఐవీ కొత్తగా సోకినవాళ్ళ రక్తంలో మిల్లీలీటరుకి 10 లక్షల వైరస్‌లు ఉండటం మామూలే, అంటే మైక్రోలీటరుకి వెయ్యి. కాబట్టి రెండుసార్లు కడిగిన పెద్ద సిరంజిలో ఇంకా 500 ఉంటాయి, చిన్నవైన ఇన్సులిన్ సిరంజిల్లో అయితే 125 వెతికితే ఒక్క వైరస్ దొరుకుతుంది. ఇది కాగితం మీది లెక్క, నిజంగా నీళ్ళూ రక్తమూ అంత బాగా కలవవు, అందుకని చిన్న సిరంజి అయితే పంచుకోవచ్చని దీనికి అర్థం కాదు. ఎవరిది వాళ్ళకే, అదీ ప్రతిసారీ కొత్తది. కానీ ఒకవేళ పంచుకుంటే ప్రమాదం ఎంతన్నది ఒక ప్లాస్టిక్ మూతి ఆకారం మీద ఆధారపడటం నాకు ఎన్నిసార్లు ఆలోచించినా వింతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2012లో పంపిణీలో డెడ్ స్పేస్ తక్కువున్న సిరంజిలు ఉంచమని సిఫారసు చేసింది.

మన పాఠ్యపుస్తకాల్లో దీనికి రెండు మార్కుల వాక్యం ఒకటుంటుంది, "కలుషితమైన సూదుల ద్వారా వ్యాపించును" అని. ఆ వాక్యం వల్లే కాబోలు, సూది మార్చేశాం కదా, ఇంకేం భయం అనుకునేవాళ్ళున్నారు. సూది మార్చినా మూతిలో చుక్క అక్కడే ఉంటుంది. పైగా ఆ ఇరుకులో రక్తం త్వరగా ఆరదు. ప్రయోగాల్లో, వేడి తక్కువున్న చోట, సిరంజిలో హెచ్ఐవీ 42 రోజుల దాకా బతికింది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సీ వైరస్ ఇంకా మొండిది, 63 రోజులు. అది సిరంజి దాకా కూడా రానక్కర్లేదు, మందు కరిగించే గిన్నె, వడకట్టే దూది, అందరూ ముంచే నీళ్ళు, ఏదైనా చాలు. సిరంజి నాదే, దూది మాత్రం అందరిదీ అంటే కుదరదు. హెపటైటిస్ సీకి ఇప్పుడు మాత్రలున్నాయి, 8 నుంచి 12 వారాల్లో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, కానీ మళ్ళీ సోకదన్న హామీ లేదు.

నిమ్మరసం క్రిముల్ని చంపుతుందని మనకో గట్టి నమ్మకం. హెరాయిన్ కరిగించడానికి దాన్ని వాడినవాళ్ళకి కాండిడా అనే ఫంగస్ రక్తంలోకి ఎక్కి కళ్ళలో తేలింది. పులుపు దానికి ఇబ్బందే కాదు. చర్మం మీది బ్యాక్టీరియా అయితే సిర వెంట నేరుగా గుండె కుడివైపుకి చేరుతుంది, అందుకే వీళ్ళలో గుండె కవాటాల ఇన్ఫెక్షన్ ఎక్కువగా కుడివైపు ట్రైకస్పిడ్ కవాటానికి వస్తుంది. పొడిచే ముందు చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడవమనేది ఇందుకే.

ఇక తాళాల సంగతి. 1980ల మొదట్లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో సిరంజిలు దొరక్కుండా చేశారు. జనం డ్రగ్స్ మానలేదు, ఉన్న సిరంజినే చేతులు మార్చుకున్నారు. కొన్నేళ్ళలో అక్కడ డ్రగ్స్ ఎక్కించుకునేవాళ్ళకి పరీక్ష చేస్తే, వాళ్ళలో సుమారు సగం మందికి హెచ్ఐవీ ఉన్నట్టు తేలింది. దీనికి ఎదురుగా ఆమ్‌స్టర్‌డామ్, 1984. పాతవి తీసుకుని కొత్తవి ఇచ్చే పద్ధతి అక్కడ మొదలైంది, హెపటైటిస్ బీ భయంతో, అదీ డ్రగ్స్ వాడేవాళ్ళ సంఘమే పూనుకుని. ఆ తర్వాత చాలా దేశాల్లో చూశారు, సిరంజిలు పంచినందుకు వాడకం పెరగలేదు. సిరంజి కోసం వచ్చినవాళ్ళే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ లాంటి (హెరాయిన్ బదులు డాక్టర్లు ఇచ్చే మందుల) చికిత్సకీ ఎక్కువగా వెళ్తున్నారు. పాఠకుడు గారూ, ఈ తాళం తలుపు తెరిచేది ఎక్కువగా ఆ వైపుకే.

ఇంకో చిన్న విషయం. ఒకే గదిలో నలుగురుంటే, అందరి సిరంజిలూ తెల్లగా ఒకేలా ఉంటే, ఎవరిదేదో మత్తులో ఎవరికి గుర్తుంటుంది? అందుకని కొన్నిచోట్ల రంగురంగుల పిస్టన్లున్న సిరంజిలు ఇస్తారు. నాది ఎర్రది, నీది పచ్చది.