కోచ్ ఖరీదు పెరిగితే సిగ్నల్ పెరగదు: రైల్లో మొబైల్ నెట్‌వర్క్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మొబైల్ నెట్‌వర్క్ రేడియో ప్లానింగ్ (టవర్లు ఎక్కడ, ఎలా ఉండాలో చూసే) పనిలో ఉన్న నాకు, పండుగ సెలవులు దగ్గరపడిన ప్రతిసారీ బంధువుల నుంచి, మారతహళ్లి పీజీల్లో ఉంటున్న మా వైపు పిల్లల నుంచి దాదాపు ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, ఊరి నుంచి వచ్చే రోజే ఆన్‌లైన్ ఇంటర్వ్యూ పడింది. వందే భారత్‌లో టికెట్ తీసుకుంటే నెట్ బాగా వస్తుంది కదా?" రాదని చెబితే నమ్మరు. రెట్టింపు డబ్బు పెట్టి కొన్న టికెట్‌తో మంచి సీటు, చల్లదనం, భోజనం వస్తున్నప్పుడు సిగ్నల్ మాత్రం ఎందుకు రాదన్నది వారి వాదన.

అపోహ: స్లీపర్ కన్నా ఏసీ కోచ్‌లో, ఏసీ కోచ్ కన్నా వందే భారత్‌లో సిగ్నల్ బాగుంటుంది.

వాస్తవం: చాలా సందర్భాల్లో పరిస్థితి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ఎల్‌హెచ్‌బీ (ఇప్పుడు చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఉండే కొత్త రకం), వందే భారత్ కోచ్‌ల గోడలు, పైకప్పు స్టెయిన్‌లెస్ స్టీలువి. రేడియో తరంగాలు లోహాన్ని దాటి రావు కాబట్టి లోపలికి రావలసిన సిగ్నల్‌కు కిటికీలే ముఖ్యమైన దారి. స్లీపర్‌లో కిటికీ తెరుచుకుంటుంది, ఊచల మధ్య నుంచి సిగ్నల్ పెద్దగా తగ్గకుండా లోపలికి వస్తుంది. ఏసీ కోచ్‌లో రెండు పొరల అద్దం తెరుచుకోకుండా బిగించి ఉంటుంది. మామూలు గాజు అంతగా అడ్డుకోదు గానీ, ఎండ వేడిని ఆపడానికి దాని మీద లోహపు పూత గానీ ఫిల్మ్ గానీ ఉంటే అది వేడితో పాటు సిగ్నల్‌ను కూడా వెనక్కి కొడుతుంది. స్టీలు డబ్బాలో ఫోన్ పెట్టి మూత బిగించి, పక్కన చిన్న రంధ్రం వదిలితే ఎలా ఉంటుందో, ఇంచుమించు అలాంటి ఏర్పాటు ఇది. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఈ ఇబ్బంది తెలిసే, రైలు అద్దాల మీది పూతను లేజర్‌తో సన్నని గీతలుగా తొలగించి సిగ్నల్‌కు దారి చేస్తున్నారు.

రైల్లో డ్రైవ్ టెస్ట్, అంటే ప్రయాణిస్తూ సిగ్నల్ కొలిచే పని, చేసేటప్పుడు ఈ తేడా మాకు తెర మీద అంకెల్లోనే కనిపిస్తుంది. తలుపు దగ్గర మైనస్ 95 డీబీఎం (ఇది సిగ్నల్ బలానికి కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) చూపిస్తున్న ఫోన్‌ను ఏసీ త్రీటైర్‌లో లోపలి లోయర్ బెర్త్ మూలకు తెస్తే మైనస్ 112కు పడిపోవడం మాకు కొత్త కాదు. మధ్యలో ఉన్న 17 డెసిబెళ్ల తేడాకు అర్థం, అందిన శక్తిలో సుమారు 50వ వంతే మిగిలిందని. టవరు మారలేదు, సిమ్ మారలేదు, మధ్యలో గోడ మాత్రమే వచ్చింది. మా జీపీఎస్ పరికరానికి కూడా ఏసీ కోచ్‌లో ఉపగ్రహాలు సరిగా అందవు. దాన్ని కిటికీ అంచుకు టేపుతో అంటించి కూర్చుంటాం, టీటీఈ వచ్చి అదేమిటని అడుగుతారు, అనుమతి పత్రం తీసి చూపిస్తాం.

మా పెదనాన్న మనవడు ఒకడు కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్ వందే భారత్‌లో ఎగ్జిక్యూటివ్ క్లాసు టికెట్ తీసుకున్నదే ఇంటర్వ్యూ కోసం. కర్నూలు దాటాక వీడియో ఆగిపోయింది, తిరిగి కలిపేలోగా అవతలివారు వెళ్లిపోయారు. తప్పు సిమ్‌దేనని తేల్చుకుని, బెంగళూరులో దిగిన సాయంత్రమే వేరే కంపెనీ సిమ్ కొన్నాడు. ఏడవలేక నవ్వుతున్న ఆ పిల్లవాడిని కోప్పడడానికి నాకు మనసు రాలేదు, కానీ "వందే భారత్‌లో ఫుల్ నెట్" అని అతడికి చెప్పిన వాట్సాప్ పండితుల మీద మాత్రం ఇప్పటికీ కోపం ఉంది. రెండో సిమ్ పూర్తిగా వృథా కాదు, ఎందుకంటే ఒక కంపెనీ టవరు లేని చోట మరొకరిది ఉండవచ్చు. కోచ్ గోడకు మాత్రం ఏ కంపెనీ అయినా ఒకటే.

వందే భారత్‌లో వైఫై ఉందన్న మాట కూడా ఈ అపోహకు బలం ఇస్తోంది. అది రైల్లోనే నిల్వ చేసి పెట్టిన వినోద కార్యక్రమాలను ఫోన్‌లో చూపించే ఏర్పాటే తప్ప ఇంటర్నెట్ కాదు. 6,000కు పైగా స్టేషన్లలో రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్ అందిస్తున్న వైఫై నిజమైన ఇంటర్నెట్టే గానీ, దాని పరిధి స్టేషన్ వరకే. నడుస్తున్న రైల్లో ఉపగ్రహం ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే ప్రయోగం హౌరా రాజధానిలో జరిగింది, ఖర్చుకు తగిన ఫలితం లేక దాన్ని విరమించుకున్నట్టు 2021లో ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది.

ఇంటర్వ్యూను మరో రోజుకు మార్చమని అడగడంలో నామోషీ లేదు, వీలుకాకపోతే ముందురోజే బయలుదేరాలి. రెండూ కుదరకపోతే, యాప్‌లో వీడియో కాల్‌కు బదులు మామూలు ఫోన్ కాల్‌లో మాట్లాడతామని ముందే చెప్పండి. వోల్టీ కాల్‌కు, అంటే 4జీ మీద వెళ్లే మామూలు ఫోన్ కాల్‌కు, నెట్‌వర్క్ ప్రత్యేక ప్రాధాన్యం ఇస్తుంది. వాట్సాప్ కాల్ మాత్రం అందరి డేటాతో పాటు వరుసలో నిలబడవలసిందే. సిగ్నల్ కోసం తెరిచిన తలుపు దగ్గర నిలబడి మాట్లాడవద్దు. ఉద్యోగం మరొకటి వస్తుంది.

రెండో అపోహ, గీతలు నిండుగా ఉంటే నెట్ వస్తుందన్నది. గీతలు చెప్పేది సిగ్నల్ బలాన్ని మాత్రమే, ఆ టవరు దగ్గర ఎంత రద్దీ ఉందో అవి చెప్పవు. పట్టాల పక్కన రెండు మూడు పల్లెల కోసం పెట్టిన సెల్ (ఒక టవరు సిగ్నల్ అందించే ప్రాంతం) మీదకు 1,100కు పైగా సీట్లున్న 16 కోచ్‌ల వందే భారత్ వస్తే, అన్ని ఫోన్లూ ఒక్కసారిగా దాని మీద పడతాయి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో మూడు కిలోమీటర్లు దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇక ఆ పల్లెవాళ్ల నెట్ కూడా ఎందుకు ఆగిందో వాళ్లకు తెలియదు.

వేగం వల్లే సిగ్నల్ పోతుందన్నది సగం నిజం. సెల్ నుంచి సెల్‌కు మారడం త్వరత్వరగా జరగాలి, నిజమే. అయితే 4జీని గంటకు 350 కిలోమీటర్ల వేగానికి కూడా పనిచేసేలా రూపొందించారు, మన రైళ్ల వేగం దానికి సమస్యే కాదు. 25,000 వోల్టుల తీగల వల్ల సిగ్నల్ పోతుందన్నది వట్టి పుకారు. ఆ విద్యుత్తు 50 హెర్ట్జ్, మన ఫోన్లు వాడేది వందల, వేల మెగాహెర్ట్జ్. సొరంగాల్లో జామర్లు పెట్టారన్నది కూడా అంతే. సకలేశపుర - సుబ్రహ్మణ్య ఘాట్‌లోని 57 సొరంగాల్లో సిగ్నల్‌ను ఆపడానికి కొండ చాలు, జామర్ అక్కరలేదు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నంద్యాల దాటి గిద్దలూరు వచ్చేదాకా ఫోన్ మూగబోయేది కూడా ఎవరి కుట్రా కాదు, అది నల్లమల.

గౌరీబిదనూరు దాటి హిందూపురం వచ్చేలోగా కాల్ తెగిందని ఫిర్యాదు చేసేవారి మాటలో మాత్రం నిజం ఉంది. అక్కడ కర్ణాటక టెలికాం సర్కిల్ (మొబైల్ సేవల కోసం విభజించిన ప్రాంతం) ముగిసి ఆంధ్రప్రదేశ్ సర్కిల్ మొదలవుతుంది, ఫోన్ కొత్త నెట్‌వర్క్‌లో మళ్లీ నమోదు కావాలి, నడుస్తున్న కాల్ చాలాసార్లు ఆ మార్పును తట్టుకోదు. తిరిగి డయల్ చేస్తే సరిపోతుంది. కర్నూలు, మహబూబ్‌నగర్‌ల మధ్య రాష్ట్రం మారినా ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే టెలికాం లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా ఒకే సర్కిల్.

ఫోన్ వెనక అంటించే "సిగ్నల్ బూస్టర్" స్టిక్కర్లు కొనేవారికి నా సానుభూతి, అమ్మేవారికి అది కూడా లేదు. అనుమతి లేకుండా అసలు బూస్టర్ పరికరం వాడడం చట్టవిరుద్ధం, పైగా అది చుట్టుపక్కల వారందరి నెట్‌వర్క్‌నూ పాడుచేస్తుంది. దానికన్నా, పట్టణాల శివార్లలో ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడకుండా, ప్రయాణం మొదట్లోనే సెట్టింగ్స్‌లో 4జీకి మార్చుకోండి. బ్యాటరీ కూడా నిలుస్తుంది.

నెట్ లేకపోతే టీటీఈకి టికెట్ ఎలా చూపాలన్న ఆందోళన మా అత్తయ్యలాంటి పెద్దవాళ్లది. ఈ-టికెట్‌కు ఐఆర్‌సీటీసీ నుంచి వచ్చిన ఎస్సెమ్మెస్, ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉంటే చాలు, వాటికి నెట్ అక్కరలేదు. ఆధార్‌ను డిజీలాకర్‌లో మాత్రమే పెట్టుకున్నవారు అది తెరుచుకోక ఇబ్బంది పడతారు, కాబట్టి కార్డును పర్సులో పెట్టుకుని రైలెక్కండి.