చెవికీ గ్రాఫుకీ మధ్య నూరేళ్ల పేచీ

కొత్త స్పీకర్‌తో పాటు వచ్చే కాగితం మీద ఒక లైను తప్పకుండా ఉంటుంది: ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ 45 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు. అంటే ఎంత కింది స్వరం నుంచి ఎంత పై స్వరం దాకా పలుకుతుందన్నమాట. దాని పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని, అంటే ఆ పరిధిలో మోత అంతకు మించి హెచ్చదు, తగ్గదు అని ఉంటే కొంత నయం. అది లేకపోతే ఆ లైను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 45 హెర్ట్జ్ దగ్గర శబ్దం మిగతావాటి కంటే 20 డెసిబెల్స్ కిందికి పడిపోయినా సరే, వస్తోందిగా అని రాసుకోవచ్చు. పోనీ ఆ ప్లస్ ఆర్ మైనస్ కూడా ఉన్న రెండు స్పీకర్లను పక్కపక్కన పెట్టి ఒకే పాట వేస్తే, ఒకదానిలో గాయని ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు, రెండోదానిలో ముక్కు మూసుకుని పాడుతున్నట్టు వినిపించవచ్చు. కాగితం మీద అంకెలు మాత్రం ఒకటే.

పేచీ ఇక్కడే మొదలైంది. కొలతలన్నీ దండగ, చెవే ప్రమాణం అని ఒక వర్గం. చెవి నమ్మదగ్గది కాదు, గ్రాఫు చూపించు అని ఇంకో వర్గం. నన్నడిగితే ఇద్దరి కోపంలోనూ కొంత న్యాయం ఉంది. చాలా కాలం పాటు స్పీకర్ చేసే పనిలో పిసరంత కొలిచి, దాన్నే మొత్తం స్పీకర్‌గా చలామణీ చేశారు. అలా ఎందుకు జరిగిందో స్పీకర్ పుట్టుకలోనే ఉంది.

అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, అందులో కరెంటు పారితే అది కదలడం అనే ఆలోచనకు ఎర్న్‌స్ట్ వెర్నర్ సీమెన్స్ 1874లోనే పేటెంట్ తీసుకున్నాడు. అయితే అప్పటికి యాంప్లిఫయర్ అనేదే లేదు కాబట్టి దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ ఇలాంటి కాయిల్‌కే బాకా తగిలించి ఊరంతా వినబడేలా మోగించారు. 1919లో శాన్ డియాగోలో అమెరికా అధ్యక్షుడు విల్సన్ వేల మంది ముందు వాళ్ల బాకాలతోనే మాట్లాడాడు. గొంతు దూరం పోయింది, అదే అప్పటికి గొప్ప. గొంతు గొంతులా ఉందా అన్నది ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నకు మొదటి సమాధానం జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్‌ల నుంచి వచ్చింది. 1925లో వాళ్లు ప్రచురించిన పేపర్‌లోని స్పీకర్‌కీ, ఈరోజు టీవీలో, కారులో, సినిమా హాల్లో ఉన్నదానికీ మౌలికంగా తేడా లేదు. కాగితపు కోన్, దాని వెనక వాయిస్ కాయిల్ అనే ఆ తీగచుట్ట, చుట్టూ అయస్కాంతం. బాకా లేదు. చూడ్డానికి ఇంత మామూలు వస్తువు. దీని వెనకున్న లెక్క మాత్రం చాలా అందమైనది, కాస్త నిలబడి చూడాలి.

చిన్న కోన్ గాలిని నెట్టేటప్పుడు తక్కువ ఫ్రీక్వెన్సీలో గాలి పక్కలకు జారుకుంటుంది, పట్టు దొరకదు. విసనకర్రను మెల్లగా ఊపితే గాలి తగలనట్టే. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గాలి మీద కోన్‌కు పట్టు పెరుగుతుంది. అంటే ఒకే వేగంతో కదిలే కోన్‌లో ట్రెబుల్, అంటే పై స్వరాలు ఎక్కువగా, బాస్, అంటే కింది స్వరాలు తక్కువగా రావాలి. రైస్, కెలాగ్ ఏం చేశారంటే, కోన్ తనంతట తాను ఊగే సహజ ఫ్రీక్వెన్సీని సంగీతానికి అవసరమైన పరిధి కిందికి దించేశారు. దానికి పైన కోన్ కదలికను శాసించేది దాని బరువే. బరువైన వస్తువును ఒకే బలంతో ఎంత త్వరత్వరగా అటూ ఇటూ ఊపాలని చూస్తే దాని వేగం అంత తగ్గుతుంది. గాలి మీద పట్టు ఏ లెక్కన పెరుగుతుందో, కోన్ వేగం సరిగ్గా అదే లెక్కన తగ్గుతుంది. చెల్లుకు చెల్లు. ఫలితంగా శబ్దం సమంగా వస్తుంది.

దీనికి కట్టాల్సిన మూల్యం రెండు చోట్ల ఉంది. ఒకటి, ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ అదే శబ్దం కోసం కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. బాస్ పాటకు, బాస్ పలికే పెద్ద కోన్ అయిన వూఫర్ కళ్లకు కనబడేలా ముందుకూ వెనక్కీ ఊగడం, పై స్వరాలు పలికే చిన్న ట్వీటర్ మాత్రం కదులుతున్నట్టే తెలియకపోవడం ఇందుకే. రెండోది, ఈ చెల్లుకు చెల్లు అనేది తరంగం పొడవుతో పోలిస్తే కోన్ చిన్నదిగా ఉన్నంత వరకే. 2,000 హెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అంత వెడల్పున్న కోన్ ఆ దరిదాపులకు వచ్చేసరికే శబ్దాన్ని నాలుగు వైపులా చల్లడం మానేసి టార్చిలైటులా ముందుకు మాత్రమే వేస్తుంది. ఎదురుగా మైకు పెడితే గ్రాఫు బాగానే ఉంటుంది. పక్కకు జరిగితే శబ్దం పడిపోతుంది. ఎదుటి మైకు చూడలేని ఈ రెండో సంగతిని పరిశ్రమ చాలా ఏళ్లు పట్టించుకోలేదు.

ఆ తర్వాత పాతికేళ్ల శ్రద్ధంతా డబ్బా మీదికి మళ్లింది. కోన్ ముందు వైపు గాలిని నెడుతున్నప్పుడు వెనక వైపు లాగుతుంది. రెండూ కలిస్తే బాస్ కొట్టుకుపోతుంది కాబట్టి వెనక శబ్దాన్ని బంధించాలి, లేదా వాడుకోవాలి. వాడుకునే దారి అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థురాస్ చూపించాడు. డబ్బాకు లెక్క ప్రకారం ఒక రంధ్రం పెట్టి వెనక శబ్దాన్ని తిప్పి ముందుకు తెచ్చే ఆ పద్ధతికి 1932లో పేటెంట్ వచ్చింది. బంధించే దారిలో 1954లో ఎడ్గార్ విల్చర్ డబ్బాలోని గాలినే స్ప్రింగులా వాడి, బీరువా అంత ఉండే స్పీకర్‌ను పుస్తకాల అరలో పట్టేలా చేశాడు. అలాంటి మూసిన డబ్బాలో రెండు వూఫర్లుంటే ఒకదాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి, రెండోది బయటికి ఉబుకుతుంది. లోపలున్న గాలి స్ప్రింగు అదే.

ఇక్కడే ఒక కఠినమైన నియమం బయటపడింది. విల్చర్‌కు భాగస్వామిగా ఉన్న హెన్రీ క్లాస్‌తో కలిసి తర్వాత ఇంకో కంపెనీ పెట్టిన హాఫ్‌మన్ పేరు మీద దాన్ని ఉక్కు నియమం అంటారు. చిన్న డబ్బా, లోతైన బాస్, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత, ఈ మూడింటిలో రెండే దక్కుతాయి. బాస్ హద్దును సగానికి దించి మోత తగ్గకూడదంటే డబ్బా ఎనిమిది రెట్లు పెరగాలి. అరచేతిలో పట్టే స్పీకర్ నుంచి భూమి దద్దరిల్లే బాస్ అని ప్రకటన కనబడితే ఈ ఎనిమిది రెట్లు గుర్తు తెచ్చుకుంటే చాలు.

అప్పటిదాకా డబ్బా తయారీ అంటే కోయడం, వినడం, మళ్లీ కోయడం. ఆస్ట్రేలియాలో నెవిల్ థీలే 1961లో డబ్బా, కోన్ కలిసి ఒక ఎలక్ట్రికల్ ఫిల్టర్‌లా ప్రవర్తిస్తాయని చూపించి, ఏ కోన్‌కు ఎంత డబ్బా కావాలో టేబుల్ వేసి ఇచ్చాడు. ఆ పేపర్ ఆస్ట్రేలియా పత్రికలో పదేళ్లు పడి ఉంది. 1971లో అమెరికా ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మళ్లీ అచ్చయ్యాకే ప్రపంచం కళ్లు తెరిచింది. సిడ్నీలోనే పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఈరోజు ఏ వూఫర్ డేటా షీట్‌లోనైనా కనిపించే థీలే–స్మాల్ పారామీటర్లు వీళ్లవే. బాస్ విషయంలో ఊహాగానాల కాలం దాదాపు అక్కడితో ముగిసింది.

బాస్ పైన ఉన్నదంతా ఇంకా చీకటే. దానికి కారణం కొలిచే చోటు. గదిలో మైకు పెడితే స్పీకర్‌తో పాటు గోడలు, నేల, పైకప్పు కూడా గ్రాఫులోకి వస్తాయి. అందుకని ఆరుబయట ఎత్తున కట్టి కొలిచేవాళ్లు, గాలి వీచినా పిట్ట కూసినా మళ్లీ మొదటికి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హార్వర్డ్‌లో లియో బెరానెక్ గోడల నిండా మెత్తటి చీలికలు దించి ప్రతిధ్వని లేని గది కట్టించాడు. ఆ చీలికలు పనిచేయాలంటే వాటి లోతు తరంగంలో నాలుగో వంతైనా ఉండాలి. 50 హెర్ట్జ్‌కి అది సుమారు 1.7 మీటర్లు, ఒక్కో గోడకీ అంత. ఇలాంటి గది కొద్దిమందికే సాధ్యం. ఉన్నవాళ్లు కూడా ఎదురుగా ఒక మైకు పెట్టి, పెన్ను కాగితం మీద గీసే ఒకే ఒక్క గీతతో సరిపెట్టుకున్నారు. ఆ గీతలోనూ చమత్కారాలు ఉండేవి. పెన్ను వేగం తగ్గిస్తే గుంటలూ గుట్టలూ నునుపైపోతాయి. నిలువు స్కేలులో అంకెల పరిధి పెంచితే కొండ కూడా మైదానంలా కనబడుతుంది. ఈ రెండో చమత్కారం ఇప్పటికీ బతికే ఉంది, గ్రాఫు చూడగానే ముందు ఎడమ పక్క అంకెలు చదవాలి.

1967లో రిచర్డ్ హైసర్ దీన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నాడు. గోడ నుంచి వచ్చే శబ్దం స్పీకర్ నుంచి నేరుగా వచ్చేదాని కంటే ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చినదాన్ని లెక్కలోంచి తీసేస్తే మామూలు గదిలోనే కొలవచ్చు. 1980ల చివర్లో అదే సూత్రం కంప్యూటర్లలోకి దిగింది. మైకూ స్పీకరూ నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తులో, మీటరు దూరంలో ఉంటే నేల మీద తగిలిన శబ్దం ఇంచుమించు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్త కిటికీలోంచి చూస్తే 200 హెర్ట్జ్ కంటే సన్నటి వివరం కనబడదు. అందుకే బాస్‌ను విడిగా, మైకును కోన్‌కు ఆనించినంత దగ్గరగా పెట్టి కొలిచే పద్ధతిని 1974లో డాన్ కీల్ ఇచ్చాడు. గదిలో కొలిచిన గ్రాఫుల్లో బాస్, మిగతా భాగం వేర్వేరుగా కొలిచి అతికించి ఉండటానికి కారణం ఇదే.

కొలత చౌకైంది. ఏం కొలవాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. దానికి జవాబు వెతికింది కెనడా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్. ఆయన చేసిన పని చెబితే సింపుల్‌గా ఉంటుంది: స్పీకర్లను తెర వెనక దాచి జనానికి వినిపించి మార్కులు వేయించుకోవడం, అవే స్పీకర్లను అన్ని కోణాల నుంచీ కొలవడం, రెండూ పక్కపక్కన పెట్టి చూడడం. 1985, 86ల్లో వచ్చిన ఆయన పేపర్ల సారాంశం ఏమిటంటే, పేరూ ధరా కనబడనప్పుడు జనం అభిరుచులు అందరూ అనుకున్నంత వేరువేరుగా లేవు. ఎదురుగా సమంగా ఉండి, పక్కలకు కూడా ఒడిదుడుకులు లేకుండా తగ్గే స్పీకర్లకే ఎక్కువ మార్కులు పడ్డాయి. తర్వాత హార్మన్ అనే ఆడియో కంపెనీలో ఆయన, షాన్ ఆలివ్ కలిసి చేసిన పరీక్ష 1994లో వచ్చింది. సొంత ఉద్యోగులకే ఒకసారి తెర వేసి, ఒకసారి తీసి వినిపించారు. తెర తీయగానే పెద్ద, ఖరీదైన స్పీకర్ల మార్కులు పెరిగాయి, చిన్న చౌక స్పీకర్‌వి పడిపోయాయి. చెవి మోసపోలేదు, కన్ను మధ్యలో దూరింది.

పక్కల సంగతి ఎందుకంత ముఖ్యమో ఎవరైనా ఇంట్లోనే వినొచ్చు. స్పీకర్‌లో వర్షం హోరులాంటి పింక్ నాయిస్ వేసి, ఎదురుగా కూర్చుని, మెల్లగా లేచి నిలబడండి. వూఫర్, ట్వీటర్ కలిసే చోట పొందిక లేని స్పీకర్ అయితే హోరు రంగు మారిపోతుంది, మధ్యలో ఏదో గొట్టం అడ్డుపెట్టినట్టు. గదిలో కూర్చున్న మనిషికి నేరుగా వచ్చేది ఒక పాలే, గోడలకు తగిలి వచ్చేది చాలా ఉంటుంది. ఆ రెండోది స్పీకర్ పక్కల నుంచి బయల్దేరిన శబ్దమే.

ఈ పనంతా 2013లో సీఈఏ–2034 అనే ప్రమాణంగా మారింది. అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, పది డిగ్రీలకో కొలత, మొత్తం 70. వాటిని కలిపి నాలుగైదు గీతలుగా గీస్తారు. ఇలాంటి కొలతల నుంచే జనం ఇచ్చే మార్కును ముందే చెప్పే సూత్రాన్ని ఆలివ్ 2004లో 70 స్పీకర్ల మీద పరీక్షించాడు. అంచనాకూ అసలు మార్కుకూ పొంతన 0.86 వచ్చింది. ఒకటి వస్తే అక్షరాలా సరిపోయినట్టు. చెవి, గ్రాఫు కొట్టుకోవడం మానేసి ఒకే మాట చెప్పిన సందర్భం ఇంతకు మించి నాకు కనబడదు. ఇప్పుడు డ్రెస్డెన్‌లోని క్లిపెల్ కంపెనీ యంత్రం ఒకటి మైకును స్పీకర్ చుట్టూ దానంతట అదే తిప్పి, ఆ పెద్ద మెత్తటి గది లేకుండానే ఇవన్నీ లెక్కగడుతుంది. అయినా ఆ ప్రమాణం పాటించాలన్న నిర్బంధం లేదు కాబట్టి అట్టపెట్టె మీద పాత లైనే దర్జాగా కొనసాగుతోంది.

ఈ 70 కొలతలకూ అందనిది ఒకటుంది. మామూలు గదుల్లో సుమారు 200–300 హెర్ట్జ్ కింద స్పీకర్ కంటే గదిదే పెత్తనం. ఐదు మీటర్ల పొడవు గదిలో 34 హెర్ట్జ్ దగ్గర గోడల పక్కన బాస్ గుమ్మని మోగితే, సరిగ్గా మధ్యలో ఖాళీ అయిపోతుంది. ఒక కుర్చీ దగ్గర మైకు పెట్టి ఈక్వలైజర్‌తో సరిచేస్తే పక్క కుర్చీలో చెడుతుంది. దీని మీద హార్మన్‌లోనే పనిచేసిన టాడ్ వెల్టీ 2002లో దీర్ఘచతురస్రపు గదులను కంప్యూటర్‌లో వేసి, ఒకటి నుంచి మొదలుపెట్టి వేల కొద్దీ సబ్‌వూఫర్లు, అంటే బాస్ మాత్రమే పలికే స్పీకర్లు పెట్టి చూశాడు. నాలుగు గోడల మధ్యల్లో నాలుగు, లేదా ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెడితే చాలు, కుర్చీకీ కుర్చీకీ తేడా బాగా తగ్గింది. నాలుగు దాటి ఎన్ని పెంచినా పెద్దగా ఒరిగిందేమీ లేదు.