ఎముకలో తవ్విన చెలమలు

"మోకాలి గుజ్జు అరిగిపోయిందన్నారు. బెండకాయ నానబెట్టిన నీళ్ళు తాగితే మళ్ళీ పెరుగుతుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. పెరగదండీ. బెండకాయ జిగురు పేగులు దాటి పోదు, మోకాలి దాకా వెళ్ళే దారి దానికి లేదు. అసలు గుజ్జు అన్న మాటే మనల్ని తప్పుదోవ పట్టించింది. కోడికాలు కొరికినప్పుడు ఎముక చివర తెల్లగా, నున్నగా మెరిసే పొర కనిపిస్తుంది చూడండి, అదీ మృదులాస్థి. మన మోకాట్లో దాని మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు. బళ్ళో దీని గురించి ఒక్క వాక్యం చెప్పి వదిలేస్తారు. అసలు సంగతి మాత్రం చెప్పరు: అందులో రక్తనాళాలు లేవు. చర్మం తెగితే నెత్తురొచ్చి గడ్డకట్టి మానుతుంది. ఇక్కడ గుంట పడితే పడినట్టే.

ఈ గుంటల వెంట పడినవాడు రిచర్డ్ స్టెడ్‌మన్. అమెరికా స్కీయింగ్ జట్టుకు డాక్టరు. 1979లో చీలమండ నుజ్జయిన ఫిల్ మేర్‌కి ఆయన ఆపరేషన్ చేస్తే, మరుసటి ఏడాదే ఆ కుర్రాడు ఒలింపిక్స్‌లో రజతం కొట్టాడు. స్టెడ్‌మన్ 1988లో పరిశోధన సంస్థ పెట్టి, 1990లో కొలరాడో కొండల్లోని వెయిల్‌కి మకాం మార్చాడు. తరవాత తుంటి సర్జన్ మార్క్ ఫిలిపాన్ వచ్చాక సంస్థ పేరులో ఆయన పేరూ చేరింది.

స్టెడ్‌మన్ చేసింది చెలమ తవ్వడమే. ఎండిన ఏట్లో పైన చుక్క ఉండదు, ఇసుక తోడితే నీరూరుతుంది. మృదులాస్థి కింద ఎముక, దానిలో మూలుగ. అక్కడ నెత్తురుంది, కొత్త కణజాలంగా మారగల మూలకణాలున్నాయి. చెప్పులు కుట్టే ఆరె లాంటి వంకర మొన సాధనంతో ఎముక పైపెచ్చుకి చిన్న చిన్న కన్నాలు గుచ్చాడు. ఒక్కోదానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం. చెలమలు మరీ పక్కపక్కన తవ్వితే గట్లు విరిగి ఒకటైపోవూ? ఇదీ అంతే. గుంట అంచుల్ని నిటారుగా చెక్కాలి, లేకపోతే ఊరిన నెత్తుటిగడ్డ నిలవదు. ఆపరేషన్లో కీలులోకి నీళ్ళు ఎక్కించే పంపు ఒత్తిడి తగ్గించి చూస్తారు. కన్నాల్లోంచి కొవ్వు బొట్లూ నెత్తురూ ఊరితే చెలమ పడ్డట్టే.

గుంట అడుగున సున్నం పేరుకున్న పొర గీకాలా, వద్దా? కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో గుర్రాల డాక్టరు వేన్ మెక్‌ఇల్‌రైత్ బృందం గుర్రాల మోకాళ్ళలో ఇదే తేల్చింది. గీకితేనే కొత్త కణజాలం పట్టుకుంటుంది.

ఆపైన ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలు, కాలిని తనంతట తాను ఆడించే యంత్రంలో రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు. ఆ యంత్రం టొరంటోలో రాబర్ట్ సాల్టర్ కుందేళ్ళ మీద చేసిన పరిశోధన పుణ్యం.

అయితే చెలమలో ఊరింది పాత ఏటి నీరు కాదు. కణజాలాన్ని గట్టిగా పట్టి ఉంచే పీచులాంటి ప్రోటీన్ కొల్లాజెన్. అసలు పొరలో ఉండేది దాని రెండో రకం, కొత్తగా పెరిగినదాంట్లో గాయపు మచ్చల్లో ఉండే ఒకటో రకమే ఎక్కువ. చాలామందిలో కొన్నేళ్ళకి అదీ అరుగుతుంది. వయసుతో మోకాలంతా అరిగినవాళ్ళకి ఈ పద్ధతి పనికిరాదు, చిన్న గుంటలకే. ఇంకో తమాషా: ఆరె గుచ్చినచోట చుట్టూ ఎముక అణిగి ఊట దారులు మూసుకుపోతున్నాయని 2009లో కుందేళ్ళలో చూశారు. బ్రిస్టల్‌లో కెనెత్ ప్రైడీ 1959లోనే డ్రిల్‌తో కన్నాలు పెట్టాడు. వేడికి ఎముక మాడుతుందని దాన్ని పక్కన పెట్టి ఆరె పట్టుకున్నారు. ఇప్పుడు కొందరు సర్జన్లు మళ్ళీ సన్నటి డ్రిల్ తీశారు.