నెగెటివ్‌లో వెండి మిగిలిందా? రిమోట్‌ని అడగండి

ఒక పాఠకుడు అడిగారు: "ఇంట్లోనే కలర్ రీలు కడిగాను. బొమ్మలు పడ్డాయి కానీ నెగెటివ్ మసి పట్టినట్టు చిక్కగా ఉంది. స్కాన్ చేస్తే రంగులు వెలిసిపోయి గరుగ్గా వస్తున్నాయి. డెవలపర్ పాడైందా?"

ముందు రీలు అంచు చూడండి. అక్కడి నంబర్లు, ఫిల్మ్ పేరు ఫ్యాక్టరీలోనే వెలుతురుతో వేసినవి. మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. అవీ రాకపోతే డెవలపర్ (బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) చచ్చిపోయినట్టు, లేదా తొందరలో బ్లిక్స్ (ఆ తర్వాత పోయాల్సిన, వెండిని తీసేసే ద్రావణం) ముందు పోసినట్టు. అవి మాత్రమే వచ్చి బొమ్మలు లేకపోతే కెమెరాలో రీలు తిరగనట్టు. మీకు రెండూ వచ్చాయి కాబట్టి నా అనుమానం బ్లిక్స్ మీదే.

కలర్ నెగెటివ్ కడగడానికి 1972లో కొడాక్ తెచ్చిన సి-41 పద్ధతిలో 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు డెవలపర్ ఉండాలి. అందరి టెన్షనూ దీని గురించే. మే నెలలో మన మిద్దె మీది ట్యాంకు నీళ్లను చల్లార్చుకోవాల్సి వస్తుందేమో కూడా! కానీ అసలు విశేషం ఆ తర్వాత ఉంది. డెవలపర్ అణువు వెలుగు సోకిన వెండి లవణపు రేణువును వెండిగా మారుస్తూ తాను ఆక్సీకరణ చెందుతుంది, పక్కనే ఉన్న కప్లర్ అనే రంగు పుట్టించే రసాయనంతో కలిసి రంగవుతుంది. అంటే వెండీ రంగూ కవల పిల్లల్లా ఒకేచోట పుడతాయి. మనకు కావలసింది రంగే. వెండిని మళ్లీ లవణంగా మార్చేది బ్లీచ్, ఆ లవణాన్ని కరిగించి పంపేది ఫిక్సర్. వెండి మిగిలితే కలర్ బొమ్మ మీద బ్లాక్ అండ్ వైట్ బొమ్మ కూర్చున్నట్టే. ఫిల్మ్ అడుగున కాంతి వెనక్కి తిరగకుండా ఉంచిన సన్నటి నల్ల వెండి పొర కూడా ఉండిపోతుంది, అందుకే ఫ్రేముల మధ్య ఖాళీ జాగా కూడా మురిగ్గా కనిపిస్తుంది.

బ్లీచ్‌లో పని చేసేది ఫెర్రిక్ ఇనుము. వెండి నుంచి ఒక ఎలక్ట్రాన్ లాక్కుని ఫెర్రస్ అవుతుంది, గాలి తగిలితే మళ్లీ ఫెర్రిక్ అవుతుంది. డెవలపర్‌కి గాలి విషం, బ్లీచ్‌కి గాలే ప్రాణం. "ఆక్సీకరణ అంటే ఎలక్ట్రాన్ కోల్పోవడం" అని బట్టీ పట్టించే బదులు ఈ రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ పిల్లవాడూ జన్మలో మర్చిపోడు. ఇంటి కిట్లలో బ్లీచ్, ఫిక్సర్ కలిపి బ్లిక్స్‌గా వస్తాయి. సీసాలో ఊరికే ఉన్నా అందులోని ఇనుము ఫిక్సర్‌ని మెల్లగా తినేస్తుంది, అందుకే పాత బ్లిక్స్‌ని నమ్మలేం. ఒక వానాకాలం నేను మూడు నెలల నాటి బ్లిక్స్, అదీ చల్లారింది, పోసి మీలాంటి నెగెటివే తెచ్చుకున్నాను.

వెండి మిగిలిందని తేల్చడం ఎలా? ఇది నాకు ప్రాణమైన పరీక్ష. రీలు మొదట్లో పూర్తిగా వెలుతురు తగిలి నల్లబడిన ముక్క ఉంటుంది కదా, దాన్ని టీవీ రిమోట్ బల్బుకి అడ్డం పెట్టి బటన్ నొక్కి, ఫోన్ ముందు కెమెరాలోంచి చూడండి (రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌ది అయి ఉండాలి). కంటికి ఆ ముక్క కటిక నలుపే. కానీ రంగు అణువులు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపలేవు, వెండి ఆపుతుంది. శుభ్రంగా కడిగిన ముక్క వెనక బల్బు మిణుకు మిణుకుమంటుంది, టీవీ కూడా ఆన్ అవుతుంది! ముక్క లేకుండా కనిపించే బల్బు ముక్క పెట్టగానే మసకబారితే వెండి ఉన్నట్టే. స్కానర్లు ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్మును పట్టి తీసేసే పద్ధతి కలర్ నెగెటివ్‌కి పనిచేసి మామూలు బ్లాక్ అండ్ వైట్‌కి పనిచేయనిదీ ఇందుకే.

"ఫలానా స్టూడియో ఆయన హస్తవాసి మంచిది, రంగులు బాగా వస్తాయి" అనేవారు మా ఇంట్లో. ఆయన బ్లీచ్ తాజాగా ఉండేదని ఇప్పుడనుకుంటాను.

మీ రీలు పోలేదు. డెవలపర్ తప్పు దిద్దలేం గానీ ఇది దిద్దొచ్చు, అదీ పట్టపగలే, ఎందుకంటే వెలుగుకి స్పందించే రేణువులు ఏవైనా మిగిలినా డెవలపర్ లేకుండా అవి రంగు బొమ్మ కాలేవు. తాజా బ్లిక్స్‌ని 38 డిగ్రీల దగ్గర పది నిమిషాలు పోసి కదుపుతూ ఉంచండి, బాగా కడగండి, చివర్లో రంగులు నిలవడానికి స్టెబిలైజర్. నీరసమైన బ్లీచ్ వల్ల సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు కొంత రంగులేని ల్యూకో రూపంలో ఉండిపోతుంది, అదీ ఈ రెండో స్నానంలో తిరిగి వస్తుంది. ఆరాక ఆ నల్ల ముక్కను మళ్లీ రిమోట్ ముందు పెట్టి చూడండి.