స్టడ్డు కట్ అయ్యేది వేడికే, ఊడొచ్చేదీ వేడికే

కృష్ణపట్నం, మైపాడు వైపు రొయ్యల లోడుకి ఏళ్ల తరబడి తిరిగిన బండికి మ్యానిఫోల్డ్, అంటే ఇంజన్ పొగని సైలెన్సర్ గొట్టంలోకి పంపే దిమ్మ, విప్పాలంటే నెల్లూరు ఆటోనగర్‌లో ఏ మెకానిక్ అయినా పానా పట్టుకోకముందే ఒక మాట అనేస్తాడు, "అన్నా, స్టడ్లు కట్ అయితే మాత్రం నన్ననొద్దు" అని. వినేవాడికి ఇదేదో బిల్లు పెంచే ఎత్తు లాగా అనిపిస్తుంది గానీ ఆయన చెప్పేది నిజం, మ్యానిఫోల్డ్‌ని ఇంజన్‌కి పట్టి ఉంచే ఆ తల లేని బోల్టు, అంటే స్టడ్డు, చాన్నాళ్లుగా లోపల్లోపల తెగుతానే ఉంటుంది, పానా తగిలేసరికి మిగిలింది కాస్తా పోతుంది. తెంపేది వేడి. తమాషా ఏందంటే, ఇరుక్కున్న ముక్కని బయటికి లాగేది కూడా అదే వేడి.

ఇంజన్ పై మూత, అంటే హెడ్డులో, నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అది 90 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. దానికే బిగించిన పోత ఇనుము మ్యానిఫోల్డ్‌కి ఆ సుఖం లేదు, లోడు మీద డీజిల్ బండి పొగ 500 నుంచి 700 డిగ్రీల దాకా పోతుంది. ఒక్కో డిగ్రీకి పోత ఇనుము తన పొడవులో పది లక్షల్లో 11 వంతులు సాగుతుంది, ఇంతేనా అనిపిస్తుంది కదా, లెక్కేయండి, 40 సెంటీమీటర్ల మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే 2.2 మిల్లీమీటర్లు పెరిగింది. అల్యూమినియం హెడ్డు డిగ్రీకి 23 వంతులు సాగే రకమే, కానీ అది వేడెక్కేది ఓ 60 డిగ్రీలే కాబట్టి అర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతుంది. ఈ తేడా అంతా స్టడ్ల నెత్తినే పడుతుంది. మధ్యలో వాటికి పెద్ద బాధ లేదు, రెండు కొసల్లో ఉన్నవాటి మీద మ్యానిఫోల్డ్ ముప్పావు మిల్లీమీటరు పైనే పక్కకి జరుగుతుంది, బండి ఆపితే మళ్లీ వెనక్కి. అందుకే కొస రంధ్రాలు చాలా బండ్లలో కాస్త పెద్దగానో కోలగానో పెడతారు, ఆ సందులో తుప్పూ మసీ గడ్డకట్టాయంటే ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే.

ఈసారి కట్ అయిన ముక్క దొరికితే పారేయకుండా తుడిచి ఎండలో పెట్టి చూడండి. ఒక పక్క నున్నగా, నల్లగా, వంపు గీతలు ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి, ఇంకో పక్క గరుగ్గా గింజలు గింజలుగా మెరుస్తుంటుంది. నల్లగా ఉండేది పాత పగులు, మెరిసేది ఇవాళ తెగింది. ముక్క మొత్తం మెరుస్తుంటే మాత్రం అది పానా బలానికి తెగినట్టే, అప్పుడు మెకానిక్‌ని అడగొచ్చు. ఇనుముకి ఇట్టాంటి అలసట ఉంటుందని జనానికి గట్టిగా తెలిసింది రైలు ఇరుసుల వల్ల. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి వచ్చే రైలు ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది, ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు ఇరుసుల్ని ఏళ్ల తరబడి పరీక్షించి, ఒక్కసారికి ఏమీ కాని బరువు కూడా లక్షల సార్లు పడితే ఇనుముని విరిచేస్తుందని చూపించాడు.

మన వైపు దీనికి ఉప్పు గాలి తోడు. ఉప్పు తడిలో కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి తుప్పు జోరందుకుంటుంది, ఆ తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెండింతల పైన చోటు అడుగుతుంది, స్టడ్డు మీది మరల, అంటే చుట్ల గాడుల, మధ్యలో చోటెక్కడుంది, అందుకే బిగుసుకుపోతుంది. మారుతి 800 లాగా అల్యూమినియం హెడ్డు అయితే అల్యూమినియమే ముందు తినేయబడి తెల్లటి పొడి అయి మరల్ని పట్టేస్తుంది. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని కొట్టి వేడెక్కాక ఆగిపోతుంటే స్టడ్లు తెగి ఆ సందులో పొగ లీకవుతుండొచ్చు, చూపించుకోండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, క్యాబిన్‌లోకి వస్తే ప్రాణాలకే ముప్పు.

ఇక తీయడం. ముక్క కొంచెం బయటికి ఉంటే అదృష్టమే, దాని మీద నట్టు పెట్టి లోపల నుంచి వెల్డింగ్ కొడతారు. స్టడ్డు ఎర్రగా కాలి ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న హెడ్డు చల్లగా ఉండి ఉబ్బనివ్వదు, ఆ నొక్కుడికి తుప్పు నలిగి పొడవుతుంది, స్టడ్డు కూడా అణిగి చల్లారాక ఇసుమంత సన్నబడుతుంది. అప్పుడు నూనె వేసి అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతుంటే కదులుతుంది, ఒకే వైపు బలం పెట్టారో నట్టుతో సహా మళ్లీ కట్.

రెండో దారి స్టడ్డుని వదిలేసి హెడ్డునే వేడి చేయడం. వేడి చేస్తే రంధ్రం మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు, అది తప్పు, ఎద్దుల బండి చక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించేటప్పుడు పట్టా వెడల్పయినట్టే రంధ్రమూ పెద్దదవుతుంది. అల్యూమినియం హెడ్డులో 8 మిల్లీమీటర్ల స్టడ్డు దగ్గర రెండూ 150 డిగ్రీలు వేడెక్కినా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది కాబట్టి 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సందు వస్తుంది, పట్టు వదలడానికి చాలాసార్లు అది చాలు. జాగ్రత్త ఒకటే, ఇనుము 525 డిగ్రీల దగ్గర ఎర్రబడటం మొదలై మనల్ని హెచ్చరిస్తుంది, అల్యూమినియం మాత్రం కంటికి రంగు మారకుండానే 660 లోపే కరిగి కూర్చుంటుంది.

ముక్క లోపలే ఉండిపోతే సెంటర్ పంచ్ కొట్టి డ్రిల్ వేయాల్సిందే. ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే అదే మేలు, చాలాసార్లు తొలుస్తుండగానే ముక్కని పట్టుకుని ఊడదీసుకొచ్చేస్తుంది. తొలిచిన రంధ్రంలో దింపి ముక్కని ఎడమకి తిప్పి తీసే ఈజీ ఔట్ అంటే నాకు గిట్టదు, అది బాగా గట్టి ఉక్కు, పెళుసు, లోపల విరిగిందా మామూలు బిట్ దాన్ని గీకను కూడా గీకలేదు. అప్పుడిక నిప్పురవ్వలతో లోహాన్ని కొంచెం కొంచెంగా అరగదీసే స్పార్క్ ఎరోషన్ మిషనే గతి, 1943లో సోవియట్ యూనియన్‌లో లాజరెంకో దంపతులు, స్విచ్చుల కాంటాక్టులు నిప్పురవ్వలకి ఎందుకు అరుగుతున్నాయా అని వెతుకుతూ ఆ అరుగుడునే పనిముట్టుగా మార్చుకున్నారు. మరలు పోతే పెద్ద ట్యాపుతో కొత్త మరలు కోసి అందులో హెలికాయిల్ అనే తీగ చుట్ట వేయిస్తే సరి.

కొత్త స్టడ్లు వేడికి తట్టుకునే రకమే తీసుకోండి, నట్లు ఇత్తడివి వేస్తే ఇనుముకి అంత తేలిగ్గా పట్టవు. హార్డ్‌వేర్ షాపులో మెరిసే స్టెయిన్‌లెస్ నట్టు, స్టెయిన్‌లెస్ స్టడ్డు కలిపి వేస్తారు కొందరు, తుప్పు పట్టదు నిజమే, కానీ ఆ రెండూ రాసుకుని ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మరలకి పట్టేయకుండా ఉండే యాంటీ సీజ్ అనే జిడ్డు లేపనం పూస్తే బిగింపు కొంచెం తగ్గించాలి, మామూలుగా పానాకి పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, రాపిడి తగ్గితే ఆ బలమంతా స్టడ్డుని లాగేస్తుంది. మధ్య నట్లు ముందు, కొసవి చివర, వేడెక్కి పూర్తిగా చల్లారాక ఇంకోసారి చూసి బిగించుకోండి.